వైకింగ్ కాలపు బానిసల గురించి చదవాలంటే: చట్టాలా, సాగాలా, రాళ్ళా, ఎముకలా?

వైకింగుల (సుమారు 8–11 శతాబ్దాల నార్వే, స్వీడన్, డెన్మార్క్ వాళ్ళు) మీద సీరియళ్ళు చూసో, గేములు ఆడో ఆసక్తి పుట్టి, ఆ తర్వాత "అసలు ఆ సమాజం ఎలా ఉండేది" అని నిజంగా తెలుసుకోవాలనిపించినవాళ్ళు మనలోనూ చాలామందే ఉన్నారు. పడవల గురించి, కత్తుల గురించి, ఓడిన్, థోర్‌ల గురించి ఎక్కడ చూసినా దొరుకుతుంది. ఆ పొలాలకు పెంట మోసిందెవరు, పందుల్ని కాసిందెవరు అని అడిగితే మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు. నాకూ అదే అయింది. ఏడాదంతా సాగాలే (ఆ కాలపు మనుషుల మీద తర్వాత ఐస్‌లాండ్‌లో రాసిన గద్యకథలు) చదివి, అప్పటి బానిసలంటే పిరికివాళ్ళు, తెలివితక్కువవాళ్ళు అన్న అభిప్రాయంతో ఉండిపోయాను. అది సాగాలు రాసినవాళ్ళ అభిప్రాయమని అర్థమవడానికి నేను చట్టాల దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. అందుకే ఈ పోలిక రాస్తున్నాను, మీకు ఆ ఏడాది మిగలాలని.

సమాధానం ముందే చెప్పేస్తాను. ఒక్కటే చదివే టైం ఉంటే నార్వే పాత చట్టం చదవండి, అందులోనూ గులథింగ్ చట్టం. రెండోదానికి ఓపిక ఉంటే లాక్స్‌డేలా సాగాలో 12, 13 అధ్యాయాలు. మిగతావన్నీ వీటి తర్వాతే. ఎందుకో చెప్పడానికి ఒక చిన్న మాటతో మొదలుపెడతాను.

వైకింగుల భాష పాత నార్స్‌లో 'స్వతంత్రుడు' అనడానికి 'ఫ్ర్యాల్స్' అంటారు. ఇది రెండు మాటల కలయిక: ఒకటి 'స్వేచ్ఛగల', రెండోది 'హాల్స్', అంటే మెడ. స్వతంత్రుడంటే మెడ తనదైనవాడు. దీన్నుంచి వచ్చినదే 'ఫ్రెల్సి', స్వేచ్ఛ. ఈ ఒక్క మెడను పట్టుకుని వెళితే చట్టం ఒకటి చూపిస్తుంది, కథ ఇంకొకటి, ఎముకలు మరొకటి. ఏ ఆధారం దేనికి పనికొస్తుందో నాకు బాగా తెలిసింది ఇలా వెతికినప్పుడే.

చట్టాలు: ఎందుకు ముందు ఇవే

నార్వేలో పడమటి తీరానికి గులథింగ్ చట్టం, ట్రోండెలాగ్ ప్రాంతానికి ఫ్రోస్టథింగ్ చట్టం. థింగ్ అంటే సభ, స్వతంత్రులైన మగవాళ్ళు కూడి తగవులు తీర్చుకునే చోటు. ఐస్‌లాండ్‌లో ఆల్‌థింగ్ సుమారు 930లో మొదలైంది, అక్కడి చట్టాల సంకలనం పేరు గ్రాగాస్. ఈ మూడింటిలో దేన్ని ఎంచుకోవాలన్నది మొదటి ప్రశ్న.

బానిస ఎలా విడుదలవుతాడు, విడుదలయ్యాక ఎంతవరకు స్వతంత్రుడు అన్నది మీ ప్రశ్న అయితే నార్వే చట్టాలు. ఇవి కళ్ళకు కట్టినట్టు చెబుతాయి. విడుదలైన బానిసను 'లెయ్‌సింగి' అంటారు. అతను పూర్తి హక్కులు పొందాలంటే 'స్వేచ్ఛ విందు' ఇవ్వాలి. మాల్ట్‌తో బీరు కాచి, సాక్షులతో వెళ్ళి యజమానిని పిలవాలి, ఆయన్ని పెద్ద ఆసనం మీద కూర్చోబెట్టాలి, మొదటి రాత్రే 6 ఔరర్ల వెండి తక్కెడలో పెట్టి ఇవ్వజూపాలి. 8 ఔరర్లయితే ఒక మార్కు, మార్కంటే సుమారు 215 గ్రాముల వెండి. ఇది గులథింగ్ పద్ధతి. ఫ్రోస్టథింగ్‌లో ఇంకో అడుగు ఉంది: ఒక పొట్టేలును కోయాలి, స్వతంత్రుడిగా పుట్టినవాడే దాని తల నరకాలి, దాని మెడ మీద నుంచి యజమాని 'మెడ విడుపు' సొమ్ము తీసుకోవాలి. మళ్ళీ మెడ. మాటలో దాక్కున్న అర్థాన్ని చట్టం ఒక తంతుగా చేసి చూపిస్తోంది. మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టి కాసేపు అలా కూర్చుండిపోయాను.

విందు ఇచ్చాక కూడా పూర్తిగా వదలరు. పాత యజమానికి 'థిర్మ్‌స్లి' అనే విధేయత బాకీ ఉంటుంది, అంటే ఆయనకు ఎదురు తిరగకూడదు, ఆయన శత్రువులతో చేరకూడదు. ఇంకా ఘోరమైన నియమం ఒకటి గులథింగ్ చట్టంలోనే ఉంది. కొన్ని పరిస్థితుల్లో విముక్తుల పిల్లలు తిండికి లేని దశకు వస్తే చర్చి ఆవరణలో గొయ్యి తవ్వి అందులో దించాలి. చివరిదాకా బతికి ఉన్నవాణ్ని మాత్రం యజమాని బయటికి తీసి పోషించాలి. వాళ్ళను 'గ్రావ్‌గాంగ్స్‌మెన్' అన్నారు, గోతిలోకి నడిచేవాళ్ళని. ఇది నిజంగా అమలయిందా, భయపెట్టడానికి రాసుకున్నదా అని పండితులు వాదించుకుంటారు. కానీ క్రైస్తవం వచ్చాక, చర్చి ఆవరణ అన్న మాటతో సహా దీన్ని రాసి ఉంచారన్న సంగతి మాత్రం అలాగే ఉంది.

అదే చట్టంలో, ఏటా గుల సభ జరిగినప్పుడు ఒక మనిషికి స్వేచ్ఛ ఇవ్వాలన్న నియమం కూడా ఉంది. ఈ రెండూ ఒకే పుస్తకంలో కొద్ది పేజీల తేడాతో చదవడమే చట్టాల్ని చదవడంలోని విలువ. ఏ ఒక్క కథా ఈ రెండింటినీ కలిపి చెప్పదు.

ఇక గ్రాగాస్. ఐస్‌లాండ్‌లో రాజు లేడు, కాబట్టి ఎవరు ఎవరి మీద దావా వేయవచ్చు, ఎన్ని రోజుల్లో వేయాలి, సాక్షుల్ని ఎలా పిలవాలి అన్న చర్చ అంతులేకుండా సాగుతుంది. లా చదివినవాళ్ళకు ఇది నచ్చుతుంది, మిగతావాళ్ళకు మొదటి 20 పేజీల్లోనే విసుగొస్తుంది. బానిసల నియమాలు అక్కడక్కడా చెదురుగా ఉంటాయి, కానీ దొరికినవి పదునైనవి. యజమాని తన బానిసను చంపితే శిక్ష లేదు, ఈస్టర్ ముందు వచ్చే లెంట్ ఉపవాసకాలంలోనో చట్టం చెప్పిన పండగ రోజుల్లోనో చంపితే మాత్రం మూడేళ్ళ దేశబహిష్కారం. అంటే నేరం మనిషిని చంపడం కాదు, పుణ్యకాలాన్ని మైలపరచడం. ఇంకోచోట, ఒక్క విషయంలో బానిస హక్కు స్వతంత్రుడి హక్కుకన్నా పెద్దదని చెబుతుంది: తన భార్య బానిసే అయినా సరే, ఆమె కోసం దోషిని చంపే హక్కు బానిసకు ఉంది, ఒక బానిస స్త్రీ కోసం చంపే హక్కు స్వతంత్రుడికి లేదు. ఈ ఒక్క వాక్యంలో బానిసలకు భార్యాభర్తల బంధం ఉందని, దాన్ని చట్టం ఏదో మేరకు గుర్తించిందని తెలుస్తుంది. సాగాలు పదేళ్ళు చదివినా ఇది తెలీదు.

విడుదలైనవాణ్ని ఐస్‌లాండ్‌లో 'చట్టంలోకి తీసుకురావాలి'. స్థానిక నాయకుడు, అంటే గోది, ఆ పని చేస్తాడు. అది జరిగేదాకా అతను స్వతంత్రుడూ కాదు, బానిసా కాదు.

ఇప్పుడు చట్టాల బలహీనత. ఇవి రాతప్రతుల్లో మనకు దొరికేది ఆలస్యంగా. గులథింగ్ చట్టం ముఖ్యమైన ప్రతి సుమారు 1250 నాటిది. గ్రాగాస్ రెండు పెద్ద ప్రతులు 13వ శతాబ్దం రెండో సగానివి. ఐస్‌లాండ్‌లో చట్టాలు మొదట రాతలోకి వచ్చింది 1117–18 చలికాలంలో, అంతకు ముందు చట్టవక్త ఏటా వేసవిలో మూడోవంతు చొప్పున మూడేళ్ళలో మొత్తం నోటితో చెప్పేవాడు. ఐస్‌లాండ్‌లో బానిసత్వం 12వ శతాబ్దం మొదటికే దాదాపు అంతరించింది. అంటే ఆ ప్రతులు రాసిన లేఖకుడి చుట్టుపక్కల ఒక్క బానిస కూడా ఉండకపోవచ్చు. పాత నియమాల్ని భక్తితో కాపీ చేశాడా, మార్చాడా అన్న అనుమానం ఎప్పుడూ పక్కన పెట్టుకునే చదవాలి. గులథింగ్ చట్టంలో ఒక సౌకర్యం ఉంది: ఏ నియమం ఓలాఫ్ రాజుది, ఏది మాగ్నస్ రాజు చేసిన సవరణ అని చాలాచోట్ల పాఠంలోనే గుర్తు పెట్టి ఉంటుంది. మొదటిసారి చదివేవాళ్ళకు గ్రాగాస్ కన్నా దీన్నే చెప్పడానికి ఇదీ ఒక కారణం. 1274లో నార్వే మొత్తానికి ఒకే చట్టం వచ్చేసరికి బానిసల ప్రకరణాలు మాయమయ్యాయి. స్వీడన్‌లో మాత్రం 1335 దాకా ఆగాల్సి వచ్చింది, ఆ ఏడాది స్కారాలో మాగ్నస్ ఎరిక్సన్ రాజు వెస్టర్‌యోట్లాండ్, వేరెండ్ ప్రాంతాల్లో క్రైస్తవులకు పుట్టినవాళ్ళెవరూ బానిసలు కారాదని శాసించాడు.

ఇంగ్లిష్‌లో చదవాలనుకుంటే గులథింగ్, ఫ్రోస్టథింగ్ చట్టాలు రెండూ 1935లో ఒకే సంపుటంగా వచ్చాయి. గ్రాగాస్ రెండు భాగాలు 1980లో, 2000లో వచ్చాయి, వీటి అనువాదం మెరుగు, వివరణలూ ఎక్కువ. నా సలహా పాతదాంతోనే మొదలుపెట్టమని. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవొద్దు, లెయ్‌సింగి, బానిస అన్న మాటలున్న ప్రకరణాలు వెతుక్కుని చదవండి.

సాగాలు: మనుషులు కనిపించేది ఇక్కడే

చట్టంలో నియమం ఉంటుంది, మనిషి ఉండడు. ముఖం కావాలంటే సాగాకు వెళ్ళాలి.

లాక్స్‌డేలా సాగాలో హొస్కుల్డ్ అనే ఐస్‌లాండ్ పెద్దమనిషి బ్రెన్నేయర్ దీవుల్లో జరిగే సంతకు వెళ్తాడు. అక్కడ గిల్లి అనే వర్తకుడి గుడారంలో తెర తీస్తే 12 మంది స్త్రీలు వరసగా కూర్చుని ఉంటారు. ఒక్కొక్కరి ధర ఒక మార్కు వెండి, చివర కూర్చున్న ఆమెకు మాత్రం మూడు మార్కులు. ఆమె మూగదని వర్తకుడే చెబుతాడు. హొస్కుల్డ్ కొంటాడు, ఇంటికి తెస్తాడు, ఆమెకు కొడుకు పుడతాడు. కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు వాగు ఒడ్డున ఆమె కొడుకుతో మాట్లాడుతుండగా వింటాడు. ఆమె మూగది కాదు. తన పేరు మెల్కోర్కా అని, తండ్రి ఐర్లాండ్ రాజు మిర్‌క్యార్తన్ అని, పదిహేనేళ్ళ వయసులో తనను ఎత్తుకొచ్చారని చెబుతుంది.

కథగా దీనికి సాటి లేదు. ఆమె మౌనం ఒక బానిస చేతిలో మిగిలిన ఒకే ఒక్క ఆయుధమని నాకనిపిస్తుంది. కానీ ఆధారంగా వాడేటప్పుడు జాగ్రత్త. ఈ సాగా రాసింది సుమారు 1245లో, కథ జరిగింది 10వ శతాబ్దంలో. మూడు వందల ఏళ్ళ దూరం. ఆమె కొడుకు ఓలాఫ్ గొప్ప వంశాలకు మూలపురుషుడు, కాబట్టి ఆయన తల్లి మామూలు బానిస కాకుండా రాజకుమార్తె కావడం ఆ వంశాలకు అవసరం. ఆ గుడారంలో మిగిలిన 11 మంది పేర్లు మనకు తెలీవు, వాళ్ళెవరూ రాజకుమార్తెలు కారు. అసలు చరిత్ర వాళ్ళది.

సాగాల్లో బానిస రెండు మూడు రకాలుగానే కనిపిస్తాడు: భయపడి పారిపోయేవాడు, యజమానిని మోసం చేసేవాడు, యజమాని కోసం ప్రాణమిచ్చేవాడు. హైమ్స్‌క్రింగ్లా అనే నార్వే రాజుల సాగాల సంపుటంలో కార్క్ కథ చూడండి. 995లో నార్వేను ఏలుతున్న హాకోన్ యార్ల్ (యార్ల్ అంటే దొర) శత్రువులకు దొరక్కుండా పందుల దొడ్డి కింద గొయ్యిలో దాక్కుంటే, వెంట ఉన్న బానిస కార్క్ ఆయన గొంతు కోసి, తలతో ఓలాఫ్ ట్రిగ్‌వసన్ రాజు దగ్గరికి బహుమతి కోసం వెళ్తాడు. రాజు కార్క్ తలే నరికిస్తాడు. ఇద్దరూ ఒకే రాత్రి పుట్టారని కథ చెబుతుంది. ఒకే రాత్రి పుట్టినా ఒకడు యార్ల్, ఒకడు బానిస, ఇద్దరి మెడలూ తెగాయి. ద్రోహానికి శిక్ష అని కథకుడు ముగించేస్తాడు, కార్క్ ఆ పని ఎందుకు చేసి ఉంటాడన్న ప్రశ్న ఆయనకు పట్టదు. మనకు పట్టాలి.

అయితే హైమ్స్‌క్రింగ్లాలోనే ఇంకో చోట బంగారం లాంటి సమాచారం ఉంది. ఎర్లింగ్ స్క్యాల్గ్‌సన్ అనే నార్వే పెద్ద ఇంట్లో ఎప్పుడూ 30 మంది బానిసలు ఉండేవాళ్ళట. రోజుకింత పని అని నిర్ణయించి, అది అయ్యాక సాయంత్రం, రాత్రి తమకోసం పనిచేసుకోనిచ్చేవాడు. ధాన్యం వేసుకోవడానికి నేల ఇచ్చేవాడు. ఒక్కొక్కరికి విడుదల ధర కట్టేవాడు. చాలామంది మొదటి రెండేళ్ళలో, కాస్త పొదుపున్నవాళ్ళందరూ మూడేళ్ళలో తమను తాము విడిపించుకునేవాళ్ళు. ఆ డబ్బుతో ఎర్లింగ్ కొత్త బానిసల్ని కొనేవాడు, విడుదలైనవాళ్ళలో కొందరిని హెర్రింగ్ చేపల వేటకు, కొందరిని అడవి కొట్టి పొలం చేసుకోవడానికి పంపేవాడు. ఆ సంపుటం రాసిన స్నోరి స్టుర్లుసన్ దీన్ని ఎర్లింగ్ మంచితనంగా రాశాడు. లెక్క వేసి చూస్తే అది మంచితనమూ, మంచి వ్యాపారమూ కూడా. గులథింగ్ చట్టంలోని విందు, ఆ తక్కెడ, ఇవన్నీ ఎందుకున్నాయో ఈ పేరా చదివాకే నాకు అతుక్కుంది. అందుకే అంటున్నాను, చట్టం ముందు, సాగా తర్వాత. వరస తిరగేస్తే ఈ పేరా కళ్ళ ముందే దాటిపోతుంది, నాకు మొదటి చదువులో దాటిపోయింది.

ఐస్‌లాండ్ స్థిరపడిన తీరు మీద ఆసక్తి ఉంటే లాండ్‌నామాబోక్ చూడొచ్చు, అది తొలి వలసదారుల వివరాల పుస్తకం. అందులో హ్యోర్‌లేఫ్ అనే తొలి వలసదారు తన ఐరిష్ బానిసల చేత నాగలి లాగించాడు, ఎద్దు ఒక్కటే ఉంది కాబట్టి. దుఫ్‌థాక్ అనే బానిస ఆలోచనతో వాళ్ళు ఆ ఎద్దును చంపి, ఎలుగు చంపిందని చెప్పి, వెతకడానికి అడవిలో చెదిరిన యజమానినీ ఆయన మనుషుల్నీ ఒక్కొక్కర్నీ చంపేశారు. తర్వాత దీవులకు పారిపోయారు. ఆ యజమాని ఒట్టు సోదరుడు ఇంగోల్ఫ్ వెంటాడి వాళ్ళను చంపాడు. ఐరిష్‌వాళ్ళను నార్స్‌లో 'పడమటివాళ్ళు' అంటారు కాబట్టి ఆ దీవులకు వెస్ట్‌మన్ దీవులని పేరు నిలిచింది, ఇప్పటికీ మ్యాపులో అదే పేరు.

రీగ్స్‌థులా అనే పద్యం

ఇది చిన్నది, గంటలో చదివేయొచ్చు. రీగ్ అనే దేవుడు మూడు ఇళ్ళకు వెళ్తాడు, మూడు ఇళ్ళలోనూ పిల్లలు పుడతారు: థ్రేల్, కార్ల్, యార్ల్. బానిస, రైతు, దొర. థ్రేల్‌కు చేతుల మీద ముడతలు, ముడిపడ్డ వేళ్ళ కణుపులు, వంగిన వీపు. అతని కొడుకులకూ కూతుళ్ళకూ పేర్లు కొట్టంవాడు, మొద్దు, వంగినవాడు, చినిగిన బట్టలది, కొంగకాళ్ళది అని. వాళ్ళ పని కంచెలు కట్టడం, పొలాలకు పెంట వేయడం, పందుల్ని మేపడం, పీట్ (ఎండబెట్టి పొయ్యిలో కాల్చే బురదమట్టి) తవ్వడం.

మనవాళ్ళు చదివితే వెంటనే పురుషసూక్తం గుర్తొస్తుంది. ఫ్రెంచి పండితుడు జార్జ్ డ్యుమెజిల్ కూడా ఇండో-యూరోపియన్ సమాజాల మీద తన సిద్ధాంతంలో దీన్ని చర్చించాడు. పోల్చుకోండి, తప్పులేదు, కానీ ఇక్కడ పురోహితుల వర్గమే లేదన్నది మర్చిపోవద్దు. ఈ పద్యం 10వ శతాబ్దానిదా 13వ శతాబ్దానిదా అన్నది తేలలేదు, దొరికిన ప్రతి 14వ శతాబ్దానిది, చివర పేజీలు పోయాయి. బానిస జీవితానికి ఇది సాక్ష్యం కాదు. బానిసను పై మెట్టు మీదున్నవాళ్ళు ఎలా చూశారు అన్నదానికి మాత్రం ఇంతకన్నా స్పష్టమైనది లేదు. దీన్ని మూడో స్థానంలో పెడతాను.

బయటివాళ్ళ రాతలు

బాధితుల వైపు నుంచి వచ్చిన రాతలు తక్కువే, కానీ అవి ఆ కాలానివే. ఐర్లాండ్‌లో అల్‌స్టర్ వార్షిక చరిత్ర 821లో ఒక్క వాక్యం రాస్తుంది: అన్యమతస్థులు డబ్లిన్ దగ్గరి హౌత్‌ను దోచి చాలామంది స్త్రీలను ఎత్తుకుపోయారని. మెల్కోర్కా కథ నిజమా కల్పనా అని తల బద్దలు కొట్టుకునేవాళ్ళు ఈ ఒక్క వాక్యం చదివితే చాలు, అలాంటివాళ్ళు వందల్లో ఉన్నారని తెలుస్తుంది. 922లో వోల్గా ఒడ్డున అరబ్ రాయబారి ఇబ్న్ ఫద్లాన్ చూసిన రూస్ అనే ఉత్తరాది వర్తకుల వర్ణన అందరికీ తెలిసిందే, దొర చితి మీద బానిస అమ్మాయిని చంపిన వివరంతో సహా. అది చదవడం కష్టం. రూస్ అంటే అందరూ స్కాండినేవియన్లేనా అన్న వాదన ఉంది, అందుకని అక్కడ చూసినదాన్ని తీసుకొచ్చి నార్వే పల్లెకు అంటగట్టొద్దు. ఇవి తోడుగా చదవాల్సినవి, మొదలుపెట్టాల్సినవి కావు.

ఎముకలు, డీఎన్‌ఏ

సైన్స్ చదివినవాళ్ళు ఎక్కువగా ఇటే మొగ్గుతారు, ఎందుకంటే ఎముక అబద్ధం చెప్పదని నమ్మకం. ఎముక అబద్ధం చెప్పదు నిజమే, కానీ తన పేరు కూడా చెప్పదు.

నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లో ఫ్లాక్‌స్టాడ్ అనే చోట సమాధుల్లో పూర్తి అస్థిపంజరం పక్కన తలలేని అస్థిపంజరాలు దొరికాయి. 2014లో అచ్చయిన పరిశోధనలో ఎముకల్లోని ఐసోటోపులు (తిన్న తిండి ఎలాంటిదో చెప్పే రసాయన గుర్తులు) చూస్తే, తలలేనివాళ్ళు తిన్న తిండి వేరు, చేపలు ఎక్కువ. పక్కన పడుకున్నవాళ్ళకు తల్లివైపు చుట్టరికం కూడా కనిపించలేదు. యజమానితో పాటు పాతిపెట్టిన బానిసలు కావచ్చునన్నారు, ఆ వ్యాసం శీర్షికలోనే ప్రశ్నార్థకం ఉంది. ఆ ప్రశ్నార్థకాన్ని నేను గౌరవిస్తాను. వార్తల్లో మాత్రం అది ఎగిరిపోయింది. మెడ అన్న మాటను చట్టంలో చదివి వచ్చినవాళ్ళకు ఆ తలలేని మెడలు వేరుగా కనిపిస్తాయి, కానీ ఆ సంబంధం మనం కలిపిందే తప్ప తవ్వకంలో దొరికింది కాదు.

ఐస్‌లాండ్ జన్యువుల సంగతి ఇంకా గట్టిది. అక్కడ మొదట స్థిరపడినవాళ్ళలో తండ్రివైపు వంశాలు సుమారు నాలుగింట మూడొంతులు స్కాండినేవియావి, తల్లివైపు వంశాల్లో సగానికి పైగా బ్రిటన్, ఐర్లాండ్‌లవి. ఇది చదివి "వాళ్ళంతా ఎత్తుకొచ్చిన బానిసలే" అనేస్తారు కొందరు. అలా అనలేం. స్కాట్లాండ్ పడమట ఉన్న హెబ్రిడీస్ దీవుల్లో ముందే కలిసి కాపురాలు చేసి వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. ఎంతమంది ఇష్టంతో వచ్చారు, ఎంతమంది సంకెళ్ళతో వచ్చారు అన్నది జన్యువు చెప్పలేదు. సంకెళ్ళు మాత్రం హెడెబీ, బిర్కా లాంటి వర్తక పట్టణాల్లో ఇనుపవి దొరికాయి. స్వీడన్‌కు చెందిన గోట్లాండ్ దీవిలో 1999లో బయటపడ్డ స్పిల్లింగ్స్ నిధిలో 67 కిలోల వెండి ఉంది, 14 వేలకు పైగా నాణేలు, చాలామటుకు అరబ్ దిర్హమ్‌లు. తూర్పుకు వీళ్ళు అమ్మినవాటిలో తోళ్ళతో పాటు మనుషులూ ఉన్నారు.

కాబట్టి ఈ దారి ఎవరికి? ఎంతమంది, ఎక్కడి నుంచి, ఏం తిన్నారు అని అడిగేవాళ్ళకు. బానిసకు చట్టంలో ఏ స్థానం ఉంది, తనను ఏమని పిలిచారు అని అడిగేవాళ్ళకు కాదు.

భాష నేర్చుకోవాలా?

పూర్తిగా అక్కర్లేదు, కొంచెం కావాలి. నా లెక్కలో ఒక పాతిక మాటలు బాగా తెలిస్తే అనువాదాలు చదవడం పూర్తిగా మారిపోతుంది. ఎందుకంటే ఇంగ్లిష్ అనువాదకులు థ్రేల్, మన్, బ్రిటి, అంబాట్ అన్నింటినీ ఒకే మాటతో సరిపెట్టేస్తారు. థ్రేల్ అంటే మగ బానిస, అంబాట్ అంటే స్త్రీ, మన్ అంటే ఇంటిలోని బానిసల మొత్తం, బ్రిటి అంటే మిగతావాళ్ళ చేత పని చేయించే పెద్ద, అతను కూడా చాలాసార్లు బానిసే. ఈ అంబాట్ అన్న మాట చివరికి కెల్టిక్ మూలానిది, రాయబారిని పిలిచే 'అంబాసిడర్' కూడా ఆ మూలం నుంచే తిరుగుతూ వచ్చింది.

భాష నేర్చుకోవాలనే పట్టుదల ఉంటే మనకు భయం అవసరం లేదు. విభక్తులు చిన్నప్పుడే బట్టీపట్టిన వాళ్ళం, నార్స్‌లో నాలుగే ఉన్నాయి. గుర్రం అన్న మాటే చూడండి: హెస్టర్, హెస్ట్, హెస్టి, హెస్ట్స్. కర్త ముందో వెనకో ఉన్నా అర్థం చెడదు, అది మనకు కొత్త కాదు. సంస్కృతం కొద్దిగా వచ్చినవాళ్ళకు ఇంకా హాయి: సోదరుణ్ని 'బ్రోథిర్' అంటారు, సంస్కృత 'భ్రాతృ'కు చుట్టం. ఇబ్బంది అచ్చుల మార్పు దగ్గర వస్తుంది, ఒకే మాటలో అచ్చు రూపం మారిపోతుంటుంది, అక్కడ రెండు నెలలు ఓపిక పట్టాలి. 1892లో లండన్‌లో మొదలైన వైకింగ్ సొసైటీ తన వ్యాకరణ పుస్తకాల్ని, చాలా ప్రచురణల్ని వెబ్‌సైట్‌లో ఉచితంగానే పెట్టింది. మైఖేల్ బార్న్స్ వ్యాకరణం అక్కడే దొరుకుతుంది, పద్ధతిగా నేర్చుకునేవాళ్ళకు అదే. చదువుతూ చదువుతూ వ్యాకరణం పట్టుకునేవాళ్ళకు జెస్సీ బయోక్ పాఠ్యపుస్తకం సులువు, అది మాత్రం కొనాలి. నిఘంటువుకు 1874 నాటి క్లీస్‌బీ–విగ్‌ఫుసన్ ఇప్పటికీ పనికొస్తుంది, మాట కింద చట్టాల నుంచి ఉదాహరణలు కూడా ఇస్తుంది.

తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్ళకు ఒక మాట. థ్రేల్‌కు 'బానిస' అని రాయండి. 'దాసుడు' అంటే భక్తి వాసన వస్తుంది. అప్పు తీరేదాకా ఇంకొకరికి లోబడి పనిచేసేవాణ్ని గ్రాగాస్ 'స్కుల్దర్‌మథ్ర్' అంటుంది, ఇక్కడ 'వెట్టి' అనాలనిపిస్తుంది, అనొద్దు. వెట్టి వేరు, అప్పు కింద పని వేరు. నిజాం కాలం తెలంగాణలో అప్పు కింద పనిచేసేవాణ్ని భగేలా అనేవాళ్ళు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం కూడా భగేలా, జీత, పాలేరు, వెట్టి అని వేర్వేరు పేర్లుగానే జాబితా చేసింది. మన దగ్గరే అన్ని తేడాలున్నప్పుడు వాళ్ళ మాటల్ని ఒకే గంపలో వేయడం అన్యాయం.

ఎవరికి ఏది

వారాంతం ఒక్కటే ఉందా, లాక్స్‌డేలాలో ఆ రెండు అధ్యాయాలు, హైమ్స్‌క్రింగ్లాలో ఎర్లింగ్ పేరా, గులథింగ్‌లో స్వేచ్ఛ విందు. ఇంతే, కానీ విందు ముందు చదవండి. నెల రోజులుంటే గులథింగ్ బానిస ప్రకరణాలన్నీ చదివి, గ్రాగాస్‌లో విషయసూచిక పట్టుకుని వెతకండి, రీగ్స్‌థులా మధ్యలో ఒక సాయంత్రం. పరిశోధన చేద్దామనుకునే విద్యార్థులైతే భాషతో మొదలుపెట్టి, రూత్ కారాస్ 1988లో రాసిన పుస్తకాన్నీ స్టెఫాన్ బ్రింక్ 2021లో రాసినదాన్నీ పక్కపక్కన పెట్టుకోండి: మొదటామెకు చట్టం, ఆలోచనా విధానం ముఖ్యం, రెండో ఆయనకు మాటలు, ఊరిపేర్లు, రూన్లు (వాళ్ళు రాళ్ళ మీద చెక్కిన లిపి) ముఖ్యం. ఇద్దరిలో ఒకరినే చదవాలంటే నేను కారాస్ వైపే, ఎందుకంటే స్వతంత్రుడు అన్న భావం బానిసను పక్కన పెట్టుకునే తయారయిందని ఆమె చెప్పిన తీరు నాకు మిగతా అన్నింటినీ తెరిచింది.

రూన్ రాళ్ళ గురించి చివర్లో చెబుదామని ఆగాను. వేలల్లో ఉన్నా, అవి డబ్బున్నవాళ్ళు తమ చచ్చిపోయినవాళ్ళ కోసం నిలబెట్టినవి, బానిసలు వాటిలో దాదాపు కనిపించరు. అందుకే మొదలుపెట్టడానికి వాటిని సిఫార్సు చేయను. కానీ డెన్మార్క్‌లో హోర్నింగ్ అనే ఊరి రాయి ఒకటుంది, సుమారు 1000 నాటిది, ఇప్పుడు ఆర్హుస్ దగ్గర మోస్‌గార్డ్ మ్యూజియంలో ఉంది. టోకి అనే కమ్మరి దాన్ని నిలబెట్టాడు, తనకు స్వేచ్ఛ ఇచ్చిన గుద్ముండ్ కొడుకు థోర్‌గిస్ల్ జ్ఞాపకంగా. మనకున్న చట్టాల ప్రతులకన్నా సాగాలకన్నా రెండు వందల ఏళ్ళు ముందుది, ఎవరూ తర్వాత కాపీ చేసింది కాదు. 16 అక్షరాల రూన్ లిపిలో ఆ 'ఫ్రెల్సి' అన్న మాట దాని పాత రూపంలో రాతిలోనే ఉంది, ఆ మెడ తనదైనవాడే చెక్కించింది. మ్యూజియం దాకా వెళ్ళలేకపోయినా ఫోటో వెతికి ఆ మాట ఎక్కడుందో వేలు పెట్టి చూడండి, అప్పుడు గులథింగ్ తెరవండి.